నల్లబడని వెండి

ఒక మనిషి పెదవులు పాడయ్యాయి. ఇలా రాసి, చూసుకుని, కొట్టేశాను. వాటంతట అవి పాడవలేదు. నేను పాడుచేశాను. చూశారా, ఇన్నేళ్ళు మోసిన బరువును మీ ముందు దించుతూ కూడా తూకంలో కాస్త తగ్గించబోయాను. కొట్లో పుట్టి పెరిగినవాడి చెయ్యి తిన్నగా నిలబడడం కష్టం. మీరు కాస్త ఓపిక పట్టాలి. నేను ఎక్కడైనా మరీ మెత్తగా మాట్లాడుతున్నట్టు అనిపిస్తే, అక్కడ ఏదో దాస్తున్నానని అనుకోండి.

మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా. ఆమె తిడుతుందని కాదు. "ఎందుకు చేశారు?" అని ఒక్క ప్రశ్న అడుగుతుంది. దానికి నా దగ్గర చాలాకాలం జవాబు లేదు. ఇప్పుడుంది. అది చెప్పుకోదగ్గది కాదు.

మాది ఆబిడ్స్ వెనక సందు. తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇత్తడి సామాన్లు అమ్మాడు. నాన్న వాటికి పూత వెయ్యడం మొదలుపెట్టాడు. నేను ఆ పూత మీద బతికాను. ఇంట్లో ఒక తెలుగు, సందులో ఇంకో తెలుగు, బేరం మొండికేస్తే ఉర్దూ. ఎక్కాలు రాకముందే నాకు బేరం వచ్చింది. గ్లాసు పాలు తాగమంటే సగానికి ఒప్పించి, ఆ సగానికి పైన బెల్లం ముక్క అడిగేవాడినని అమ్మ చెప్పేది. దాన్ని పొగడ్త అనుకుని పెరిగాను.

మా వ్యాపారంలో నాన్న నేర్పిన సూత్రం ఒకటుంది. నోటితో ఓడిపోతే చేత్తో గెలవాలి. అంటే, గిరాకీ మరీ గట్టివాడై ధర విరగ్గొట్టాడనుకోండి, నవ్వాలి, సరే అనాలి, చాయ్ తెప్పించాలి. తర్వాత పూత పలచగా వెయ్యాలి. అతను గెలిచానని ఇంటికి పోతాడు, మనకు నష్టం రాదు. మా సందులో దీన్ని మోసం అనరు. మర్యాద అంటారు. గిరాకీని కొట్లోనే ఓడించి పంపడం మొరటుతనం అనేవాడు నాన్న. ఇది రాస్తుంటే నవ్వొస్తోంది. ఆ నవ్వు మీద కూడా నాకు నమ్మకం లేదు.

మా ప్రధానమైన పని నికెల్. మీరు నికెల్‌ను చూడనివాళ్ళు కాదు, పేరు పెట్టి పిలవనివాళ్ళు, అంతే. మీ స్టీలు గ్లాసులో ఉంది, కుళాయి మెరుపు కింద ఉంది, బెల్టు బకిల్ మీద, తాళాల గుత్తి మీద, ఫోన్ బ్యాటరీలో. మన దేశంలో తవ్వడానికి పెద్దగా లేదు. ఎక్కడో దీవుల్లో ఎర్రమట్టి కొండలు తవ్వి, కరిగించి, ఓడల మీద పంపిస్తారు. అక్కడ ధర పెరిగితే ఇక్కడ మా సందులో మొహాలు వాడిపోయేవి. మా దగ్గర అది ఒక తొట్టిలో ఉండేది. నీళ్ళు ఆకుపచ్చగా, చూస్తే తాగాలనిపించేటట్టు. అందులో గుడ్డ సంచుల్లో నికెల్ పలకలు వేలాడేవి. కరెంటు పెట్టి ఇత్తడి ముక్కను ముంచితే, పలకలోని నికెల్ నీళ్ళలోంచి నడిచొచ్చి ఆ ముక్క మీద కూర్చుంటుంది. పసుపుగా లోపలికి పోయింది తెల్లగా బయటికొస్తుంది. చిన్నప్పుడు దాన్ని గంటలు గంటలు చూసేవాడిని.

ఇంకొకటి కూడా చూశాను. ఇది మీరు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే నాకు తెలియదని నేను చెప్పుకోలేకపోయేది దీనివల్లే. ఆ తొట్టి దగ్గర పనిచేసేవాళ్ళలో కొందరికి దురద పడుతుంది. అందరికీ కాదు. ఎండాకాలం చెమట పట్టినప్పుడు వేళ్ళ సందుల్లో, మోచేతి మడతల్లో చిన్న చిన్న పొక్కులు. తర్వాత చర్మం పగులుతుంది. పని మానేస్తే పోతుంది, మళ్ళీ ముట్టుకుంటే మళ్ళీ వస్తుంది. ఒకసారి ఒంటికి పడకపోతే ఇక జన్మలో పడదు. నాకే వచ్చింది. నాన్న కొబ్బరినూనె రాసి, తొట్టి దగ్గర్నుంచి తీసేసి గల్లా పెట్టె దగ్గర కూర్చోబెట్టాడు. నేను బేరగాడినయ్యానంటే సగం కారణం ఆ దురదే.

ఇప్పుడు యాదగిరి గురించి చెప్పాలి. పేరు మార్చాను. నా పేరు పెట్టుకునే ధైర్యం లేనివాడు అతని పేరు ఎలా పెడతాడు?

నాంపల్లి స్టేషన్ వైపు పెళ్ళి బ్యాండు వాళ్ళ కొట్లుంటాయి. ఎర్రకోట్లు దండేల మీద ఆరేసి ఉంటాయి. యాదగిరి ఒక బ్యాండులో ముందు నడిచే ట్రంపెట్ మాస్టర్. పాలమూరు వైపు పల్లె. వాళ్ళ నాయిన కూలిపనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. లక్డీకాపూల్‌లో హోటల్ ముందు బరాత్ ఆగినా, బషీర్‌బాగ్ చౌరస్తాలో ట్రాఫిక్ ఇరుక్కున్నా, పెళ్ళికొడుకు గుర్రం కంటే ముందు జనం చూసేది అతన్నే. బుగ్గలు పొంగించి, కళ్ళు మూసుకుని, చివరి స్వరాన్ని పట్టుకుని వదలడు. వదలడు. పెళ్ళివాళ్ళ ముసలమ్మలు కూడా నోట్లు తిప్పి పడేసేవాళ్ళు. బ్యాండు యజమాని మారినా ముందు వరసలో అతను మారలేదు.

అతను ఒకరోజు మధ్యాహ్నం మా కొట్టుకొచ్చాడు. నోటి దగ్గర పెట్టుకునే చిన్న గిన్నెలాంటి ముక్క ఉంటుంది కదా, మౌత్‌పీస్ అంటారు, దానికి పాత పూత అరిగి ఇత్తడి బయటపడింది. వెండిపూత కావాలన్నాడు. పెండ్లిండ్ల సీజన్ వస్తోందన్నాడు. నేను ధర చెప్పాను.

అతను మౌత్‌పీస్‌ను చంకలోని ట్రంపెట్‌కు తగిలించి, శవం ముందు వాయించే ఏడుపు పాట ఎత్తుకున్నాడు. పట్టపగలు, నా కొట్లో.

సందు ఆగిపోయింది. ఎదురు కొట్టు గొడుగులాయన బయటికొచ్చాడు. నేను నవ్వి, కొంచెం తగ్గించాను. మళ్ళీ అదే పాట, ఇంకా దీనంగా. ఎవరో "అయ్యో, ఎవరు పోయిన్రు?" అని అరిచారు. "సేటు రేటు పోయింది!" అని గొడుగులాయన. ఇంకా తగ్గించాను. అతను ఒక కన్ను తెరిచి చూసి, పాట ఆపకుండా తల అడ్డంగా ఊపాడు. చివరికి నాన్న వింటే సమాధిలోంచి లేచొచ్చే ధర చెప్పాను. అప్పుడు ఒక్క ఊపిరి తీసుకుని పెళ్ళి పాట అందుకున్నాడు చూడండి, జనం చప్పట్లు, ఈలలు. నేనూ చప్పట్లు కొట్టాను. నిజంగా బాగా వాయించాడు.

ఆ తర్వాత చాలా రోజులు నేను ఎవరికైనా ధర చెప్తే చాలు, గొడుగులాయన ముక్కుతో ఆ ఏడుపు పాట తీసేవాడు.

వెండిపూత వేసే తొట్టి మా దగ్గర చిన్నది. అందులో పోసేది విషం కాబట్టి తాళం వేసి ఉంచి, నాలుగైదు పనులు కలిసొస్తేనే తెరిచేవాళ్ళం. నికెల్ తొట్టి ఎప్పుడూ నడుస్తూనే ఉండేది. పనివాళ్ళు భోజనానికి వెళ్ళిన వేళ నేనే లేచాను. గల్లా దగ్గర్నుంచి ఏళ్ళ తర్వాత. ఒంటికి పడదని రబ్బరు తొడుగులు వేసుకున్నాను. చూస్తున్నారా? నా చేతులకు తొడుగులు వేసుకుని, అతని నోటికి పెట్టుకునే ముక్కను ఆ పచ్చనీళ్ళలో ముంచాను. బాగా మెరుగు పెట్టాను. వెండి తెల్లదనం వేరు, నికెల్‌లో చిన్న పసుపుఛాయ ఉంటుంది. పక్కపక్కన పెడితే తప్ప తెలియదు. పక్కన పెట్టేవాళ్ళెవరు?

డబ్బు కోసమా అని మీరడుగుతారు. ఆ చిన్న ముక్కకు పట్టే వెండి ఎంతని? నేను పోగొట్టుకున్నది డబ్బు కాదు. గెలిచింది అతనని సందంతా తెలుసు. గెలవలేదని నా ఒక్కడికైనా తెలియాలి. అంతే. ఇంత చిన్న కారణం. పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని ఎన్నోసార్లు వెతికాను.

తర్వాత జరిగింది వింటే మీకు నవ్వొస్తుంది. నాకూ అప్పుడు వచ్చింది. వెండి కొన్నాళ్ళకు నల్లబడుతుంది, నికెల్ నల్లబడదు. యాదగిరి మౌత్‌పీస్ తళతళలాడుతూనే ఉంది. "మా సేటు వెండి నల్లవడదు!" అని నాంపల్లి అంతా చెప్పుకున్నాడు. వేరే బ్యాండువాళ్ళు వచ్చారు. వాళ్ళు పెద్దగా బేరమాడలేదు, నాకూ పగ లేదు, వాళ్ళకు నిజం వెండే వేశాను. అవి నల్లబడ్డాయి. "యాదగిరిది నల్లవడలే, మాది ఎట్ల నల్లవడ్డది? దొంగపూత ఏసినవా?" అని నా మీదికొచ్చారు. వెండి వేసినవాళ్ళకు దొంగనయ్యాను. వెయ్యనివాడికి దేవుణ్ణి.

ఎండలు ముదిరాయి. ఒకరోజు యాదగిరి దస్తీ నోటికడ్డం పెట్టుకుని వచ్చాడు. తీశాడు. కింది పెదవి వాచి, చుట్టూ గుండ్రంగా పొక్కులు. మౌత్‌పీస్ అంచు ఎంతుందో సరిగ్గా అంత గుండ్రం. చూసిన మరుక్షణం నాకు తెలిసిపోయింది. ఆ పొక్కులు ఒకప్పుడు నా మోచేతుల్లో వచ్చినవే.

అతను ఊరికే రాలేదు. దవాఖానలో డాక్టరు అడిగి తెలుసుకుని రమ్మంటే వచ్చాడు.

"సేటు, నోటికి ఏం ధాతువు తగుల్తదని అడిగిండు డాక్టర్. వెండి అన్న. వెండైతే గిట్లా కాదు, పక్కా అడిగి రా అన్నడు."

"అయితే?"

"అయితే ఏంది, నిన్ను అడుగుతున్న. గిది పక్కా వెండేనా?"

గొడుగులాయన తన గుమ్మంలో నిలబడి వింటున్నాడు. ఇది నేను సాకుగా చెప్పడం లేదు. కాదు, సాకుగానే చెప్తున్నాను.

"వెండే," అన్నాను. "నీకేమన్నా అనుమానమా?"

"ఛ, నాకేం అనుమానం? గా డాక్టర్‌కే. నేను జెప్పిన, మా సేటు నాతోని అట్ల చెయ్యడని."

"నువ్వు నమిలే ఆ జర్దా సంగతి చూసుకో మాస్టరూ. నోట్లో నిప్పు పెట్టుకుని తిరుగుతూ నా వెండిని అంటావేంటి?"

నవ్వాడు. పెదవి పగిలి, నవ్వు మధ్యలో ఆపేశాడు. "ఔ, మా ఇంటామె లక్ష్మమ్మ గూడ గదే అంటది," అన్నాడు.

అంతే జరిగింది. ఆ డాక్టరు అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. జవాబు నా దగ్గరే ఉంది. ఆ ప్రశ్న సరిగ్గా నా కొట్టుదాకా నడిచొచ్చి, నా అబద్ధం పట్టుకుని తిరిగి దవాఖానకు వెళ్ళింది. పూత వేసిన రోజు చేసింది తుంటరితనం అని నేను ఇప్పటికీ నాతో వాదించుకోగలను. అబద్ధమాడిన రోజుది కాదు. ఆ రోజు చేసిందాన్ని ఏ ధరకూ తగ్గించలేను.

యాదగిరి జర్దా మానేశాడు. యాదగిరిగుట్టకు పోయి మొక్కుకుని మరీ మానేశాడు. పెదవి మానలేదు. డాక్టరు రాసిన మలాములు పూశాడు. పైస్వరం ఎత్తినప్పుడల్లా నెత్తురు కారేది. పెళ్ళి ఊరేగింపులో మాస్టర్ నోటి నుంచి నెత్తురు కారితే శకునం బాగోదని పెళ్ళివాళ్ళు గొణిగారు. రెండు సీజన్లు చూసి యజమాని అతన్ని వెనక వరసకు పంపి, మెడకు పెద్ద డ్రమ్ము తగిలించాడు. ఊదడం ఆగిపోగానే పెదవి నెమ్మదిగా బాగుపడింది. "చూసినవా, జర్దా మానినంక జెర ఆలస్యమైనా ఎట్ల తగ్గిందో," అన్నారంతా. ధైర్యం చేసి మళ్ళీ ట్రంపెట్ ఎత్తాడు. వారానికల్లా మళ్ళీ పొక్కులు. దొంగచాటుగా జర్దా తింటున్నాడని అనుకున్నారు. అతను ఒట్టేసినా లక్ష్మమ్మ నమ్మలేదు.

వేరే మౌత్‌పీస్ పెట్టుకుని ఎందుకు చూడలేదు? నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఎందుకంటే ఉన్నవాటిలో మంచిది అదేనని అతని నమ్మకం. నల్లబడని వెండి.

నేనేం చేశాను? ఏమీ చెయ్యలేదు. ఒకసారి, "అది నాకిచ్చెయ్, కొత్తది చేయించి పెడతా" అన్నాను. చెప్పకుండానే సర్దేద్దామని. "వద్దు సేటు, అది నా లక్కీ ముక్క" అన్నాడు. నేను ఇంకోసారి అడగలేదు. అతను వద్దన్నందుకు లోలోపల తేలికపడ్డాను కూడా. బరాత్ శబ్దం వినిపిస్తే షట్టర్ దించే పని కల్పించుకునేవాడిని. ముందు వరసలో ఎవరో కుర్రాడు ఊదుతుండేవాడు. స్వరం పట్టుకునేవాడు కాదు, వదిలేసేవాడు. వెనక డ్రమ్ము మీద దెబ్బ మాత్రం తప్పేది కాదు.

తర్వాత సందుల్లో యాసిడ్ తొట్లు ఉండకూడదన్నారు. మేమూ మూసేశాం. ఇప్పుడు అదే కొట్లో రిటర్న్ గిఫ్టులు అమ్ముతున్నాను. కుంకుమ గిన్నెలు, చిన్న దీపాలు. జర్మన్ సిల్వర్ అంటారు, అందులో వెండి రవ్వంత కూడా ఉండదు. రాగి, జింకు, నికెల్. నికెల్ నన్ను వదల్లేదు, నేను దాన్ని వదల్లేదు.

మొన్న యాదగిరి, లక్ష్మమ్మ వచ్చారు. మనవడి పుట్టువెంట్రుకలకు గిన్నెలు కావాలని. ఆమె ఒకటి తీసి వెలుతురులో తిప్పి చూసింది.

"గివి నల్లవడయా?"

"ఏ, సేటు సామాను నల్లవడది," అన్నాడతను. "నా మౌత్‌పీస్ సూడు, ఇప్పటికీ ఎట్ల మెరుస్తదో."

"మెరుస్తే ఏం లాభం? బంగారమసుంటి బాజా జర్దా నమిలి పోగొట్టుకుంటివి," అంది ఆమె. నా వైపు తిరిగి, "నీకు ఎర్కనే గద సేటు, నువ్వు గూడ చెప్పినవట. మనిషి చెప్తే ఇంటడా?"

అతను తల దించుకుని నవ్వాడు. తప్పు చేసినవాడి నవ్వు. నా తప్పుకు ఇన్నేళ్ళుగా అతను నవ్వుతున్న నవ్వు.

నేను అనుకోలేదు. సిద్ధపడలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"మాస్టరూ, అది వెండి కాదు. నికెల్."

"ఏది?"

"నీ మౌత్‌పీస్. మొదటినుంచీ. నీకు పడనిది అదే. జర్దా కాదు."

అతను అర్థం కానట్టు చూశాడు. తర్వాత అర్థమైంది. "డాక్టర్ అడగమన్ననాడు?"

"అప్పుడూ తెలుసు."

 వేలితో కింది పెదవిని ముట్టుకున్నాడు, అక్కడ ఇంకా ఏదో ఉన్నట్టు. తర్వాత ఒకటే అడిగాడు.

"గప్పుడే చెప్తే నయమైతుండెనా?"

"ఏమో" అనే మాట నా నాలుక మీదికి వచ్చేసింది. ఏమో అంటే సగం ధర. డాక్టర్లు కూడా చెప్పలేరు, ఒళ్ళు ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది, ఇవన్నీ వరసలో నిలబడి ఉన్నాయి. జీవితమంతా ఆడిన బేరం ఒక్క మాటలో ఆడేయొచ్చు.

"అయ్యేది," అన్నాను. "ముక్క మారిస్తే చాలు. ముందు వరసలోనే ఉండేవాడివి."

అతను తిట్టి ఉంటే బాగుండేది. కొట్టి ఉంటే ఇంకా బాగుండేది. లక్ష్మమ్మ నా వైపు చూడనే లేదు. గిన్నె బల్ల మీద పెట్టి, అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. "ఎన్నెన్ని మాటలంటి నిన్ను," అంది అతనితో. "పిల్లల ముంగట గూడ అంటి." ఇద్దరూ మెట్లు దిగి, మొజంజాహీ మార్కెట్ వైపు వెళ్ళిపోయారు.

ఆమె అన్న మాటలు కూడా నా ఖాతాలోవేనని అప్పటిదాకా నాకు తట్టలేదు. ఇంకా ఎన్ని ఉన్నాయో.

క్షమించమని నేను అడగలేదు. అడిగితే అది మళ్ళీ బేరమే అవుతుంది. వాళ్ళు మళ్ళీ రాలేదు, వస్తారని అనుకోవడం లేదు. మరి వాళ్ళకు చెప్పాక మీకెందుకు చెప్పడం? ఎందుకంటే ఆ ఇద్దరికి తప్ప నాంపల్లిలో, మా సందులో, ఆ బ్యాండులో అందరికీ ఇప్పటికీ యాదగిరి అంటే జర్దా తిని బాజా పోగొట్టుకున్నవాడే. ఆ మాట నేను పుట్టించింది. దాన్ని వెనక్కి తీసుకునే దారి నాకు ఇదొక్కటే తెలిసింది. పేర్లు లేకపోయినా మా సందువాళ్ళు పోల్చుకుంటారు. ఆ ఏడుపు పాట ఎవరూ మర్చిపోలేదు. పోల్చుకోనీ.

రాసేశాను. ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. ఆడకూడదేమో, అయినా ఆడుతోంది.

జర్దా కాదు. అది నేను.